వెనక చక్రం దగ్గర తడి

మందులషాపు నడిపే ఆ పెద్దమనిషికి, తనకు తెలియని విషయమంటూ లేదని గట్టి నమ్మకం. డాక్టర్లకే తప్పులు పట్టేవాడు. ఆ ఉదయం కారు కింద తడిగా ఉందని భార్య చెబితే, పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు.

"ఏసీ నీళ్లే. కంగారు పడకు."

ఏసీ నీళ్లు ముందువైపు కారతాయి గాని, వెనక చక్రం లోపలినుంచి ఎందుకు కారతాయి? ఆవిడ వేలితో తాకి చూసింది. లేత పసుపు రంగులో, నూనెలా జారుతోంది. బానెట్ ఎత్తితే, బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం కింది గీత దాటి దిగిపోయింది.

"ఏమండీ, కారేది బ్రేక్ ఆయిలే. బండి కదపకండి, మెకానిక్‌ని ఇక్కడికే పిలుద్దాం."

"నువ్వెప్పుడు మెకానిక్‌వయ్యావు?" అని నవ్వి, ఆవిడ భయం పోగొట్టడానికి ఆయనే స్టీరింగ్ ముందు కూర్చుని, గేటు బయటి వాలులోకి కారును వెనక్కి పోనిచ్చాడు. పెడల్ నేలకంటా దిగింది గాని కారు ఆగలేదు. చివరికి ఎదురింటి గోడే దాన్ని ఆపింది. ఆయనకు దెబ్బ తగల్లేదు, ఆయన గొప్పకూ తగల్లేదు.

మెకానిక్ వచ్చి చక్రం ఊడదీసి, "బ్రేక్ సిలిండర్ సీలు పోయిందండీ, ఆయిల్ కారింది ఇక్కడినుంచే" అన్నాడు.

"నాకు పొద్దున్నే అనుమానం వచ్చిందయ్యా," అన్నాడాయన చేతులు కట్టుకుని. "మా ఆవిడే ఏసీ నీళ్లని కొట్టిపారేసింది."

ఆవిడకు కోపం కూడా రాలేదు. ఇలాంటి మనిషి మీద కోపం కూడా దండగే అనిపించింది. మెకానిక్‌కి బ్రేకులెలా పనిచేస్తాయో ఆయన వివరిస్తూ ఉండగానే, గోడ సంగతి మాట్లాడడానికి ఎదురింటికి నడిచింది.