ఫ్లాపీ మీది నల్ల అతుకు

చెప్పులతో కంప్యూటర్ గదిలోకి వచ్చినవాణ్ణి వీధంతా వినేలా తిట్టే మనిషి, ముక్కూమొహం తెలియనివాడు తెచ్చిన ఫ్లాపీని మాత్రం ఒక్క మాట అడక్కుండా డ్రైవులో తోసేవాడు. అలాంటి మనిషి దగ్గర నేను కొన్నేళ్ళు పనిచేశాను. ఇప్పటికీ ఆ రోజులు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

తొంభైలలో ఖమ్మం బస్టాండు దగ్గర ఉండేది ఆ చిన్న డీటీపీ సెంటరు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు కంపోజ్ చేసేవాళ్ళం. ఓనరును అందరం సార్ అనేవాళ్ళం. ఆయన దృష్టిలో కంప్యూటర్‌కు శత్రువులు రెండే: దుమ్ము, వేడి. అందుకని కిటికీలకు మందపాటి తెరలు, ఎప్పుడూ గుర్రుమనే ఏసీ, గుమ్మం బయట చెప్పుల గుట్ట. నేను ఖానాపురం హవేలి నుంచి ఎండలో వచ్చి, కాళ్ళు కడుక్కుని, చున్నీ దులుపుకుని లోపలికి వెళ్ళాలి. దేవుడి గదికి కూడా మా ఇంట్లో ఇంత మడి లేదు.

వైరస్ సంగతి నాకు ఆ ఉద్యోగంలోనే తెలిసింది. అది దుమ్ములో పుట్టేది కాదు. ఎవడో పనిగట్టుకుని రాసిన ప్రోగ్రాం. ఫ్లాపీలో దాక్కుని వస్తుంది, మెషీన్లోకి ఎక్కుతుంది, ఆ తర్వాత ఆ మెషీన్లో పెట్టిన ప్రతి ఫ్లాపీలోకీ దిగుతుంది. కొన్నాళ్ళు ఏమీ తెలియనివ్వదు. దానికి అడ్డు కూడా ఉంది. అప్పటి పెద్ద ఫ్లాపీల అంచున చిన్న గంటు ఉండేది. ఆ గంటు మీద నల్ల స్టిక్కర్ అతికిస్తే, మెషీన్ ఆ ఫ్లాపీని చదవగలదు గానీ దాని మీద ఏమీ రాయలేదు. మెషీన్ రాయలేనప్పుడు వైరస్సూ ఎక్కలేదు. ఇంత సులువైన తాళం! ముఖ్యమైన ఫ్లాపీలన్నింటికీ నేనే ఆ నల్ల అతుకులు వేశాను. వైరస్‌ను పట్టుకునే ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీకి మొట్టమొదట వేశాను. సార్ చూసి నవ్వాడు.

"గిన్ని అతుకులేందమ్మా, బొంతకేసినట్టు?"

మందు సీసాలోనే విషం పడితే ఇక ఎవరిని కాపాడతాం సార్ అని అడిగాను. ఆయన ఏసీ చప్పుడు ఎందుకు మారిందో చూడటానికి లేచి వెళ్ళిపోయాడు.

ఒక ఏడు వానాకాలం మొదట్లో భద్రాచలం అవతలి ఆశ్రమ పాఠశాల నుంచి ఒక టీచరమ్మ మా సెంటరుకు వచ్చింది. ఆమెది కోయ కుటుంబం. బడిలో చేరిన చిన్నపిల్లలకు తెలుగు పుస్తకం అర్థంకాక బెదిరిపోతున్నారని, వాళ్ళ భాషలోనే మొదటి వాచకం చేయాలని ఆమె పట్టుదల. తెలుగు అక్షరాల్లో కోయ మాటలు, పాటలు, చివర కొన్ని కథలు. ఆదివారం ఆదివారం బస్సెక్కి వచ్చేది. చేతిలో రాతప్రతి ఉండేది కాదు. ఒక్కో మాట ఆమె పలికి చూపిస్తే నేను ఒక రకంగా కొట్టేదాన్ని, ఆమె తెరమీద చదివి "ఊహూ, గట్ల కాదు చెల్లె" అనేది, ఇంకో రకంగా కొట్టేదాన్ని. ఏ ఒత్తు పెడితే పిల్లలు సరిగా పలుకుతారో అలా తెరముందు కూర్చునే తేల్చుకునేవాళ్ళం. ఆ పుస్తకం పుట్టిందే కంప్యూటర్‌లో.

కథలు ఆమెవి కావు. వాళ్ళ గూడెంలో ఒక ముసలమ్మ ఉండేది. టీచరమ్మ వారమంతా ఆమె దగ్గర విని, మరిచిపోకముందే వచ్చి నాకు చెప్పేది. వానలు వెనకబట్టే రోజుల్లో ఆ ముసలమ్మ జ్వరంతో పోయింది. ఆ ఆదివారం టీచరమ్మ తెరమీది పాత కథలే మళ్ళీ చదివింది.

"ఇగ గా కథలు చెప్పేటోళ్ళు మా దిక్కు ఎవ్వరు లేరు. నీ మిషన్ల ఉన్నయే మిగిలినయి" అంది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. వాచకాన్ని ఒక ఫ్లాపీలోకి కాపీ చేసి, దానికీ నల్ల అతుకు వేసి పెట్టాను. అయినా టీచరమ్మ వచ్చిన ప్రతిసారీ సార్‌ను అడిగేది, "సార్, ఒక్కపారి కాగితం మీద తియ్యరాదు?" అని. సార్‌కు నవ్వు.

"కాగితం చినుగుతది, తడుస్తది టీచరమ్మా. కంప్యూటర్ల ఉన్నది యాడికి పోతది? దసరా పోయినంక అంతా ఒక్కసారే తీద్దాం."

నేను మధ్యలో చెప్పబోతే కళ్ళతోనే కసిరేవాడు. గిరాకీ ముందు కంప్యూటర్ పాడవుతుందని చెబితే సెంటరు పరువు పోతుందట!

దసరా వచ్చింది. సార్ వాళ్ళ నాన్నకు పూర్వం కారేపల్లిలో పిండిమర ఉండేది. ఆయుధపూజ నాడు మరను కడిగి, తుడిచి, బొట్లు పెట్టి, హారతి అయ్యాక ఒక్కసారి తిప్పి ఆపేవారు. పూజ అందుకున్న పనిముట్టు ఆ రోజు కాస్తయినా కదలాలని వాళ్ళింటి ఆనవాయితీ. మర పోయింది గానీ ఆనవాయితీ సెంటరుకు వచ్చింది. నాకు ఆ రోజు సెలవు. జరిగిందంతా తర్వాత సార్ వాళ్ళమ్మే ఎంతో సంబరంగా చెప్పింది.

"ఎంత మురికి పట్టిచ్చినవ్ బిడ్డా గా బిళ్ళలకు! పూజకు పెట్టే సామాను మీద నల్ల అతుకులుంటయా? అన్నీ గోటితోని గీకి తీసేసిన. పసుపు కుంకుమ పెట్టిన. కండ్లకు నదురుగ కనవడ్డయి."

ఆమెను ఏమంటాం? ఆవిడకు తెలియదు. తెలిసిన కొడుకు పక్కనే కూర్చుని కొబ్బరికాయ కొడుతున్నాడు! అతుకులు ఊడిపోతుంటే చూస్తూ ఊరుకున్నాడు. హారతి అయ్యాక మన సెంటరుకు అసలైన ఆయుధం ఇదే అంటూ వైరస్‌ను పట్టుకునే ఆ ఫ్లాపీని చేతిలోకి తీసుకున్నాడట. ముందు తన మెషీన్లో పెట్టి తిప్పాడు. తర్వాత నా మెషీన్లో. తర్వాత మూడోదాంట్లో. మరను తిప్పినట్టే.

ఆయన మెషీన్లో అంతకుముందే ఎవరో ప్రెస్సు అతను ఇచ్చిన పెళ్లిపత్రికల బొమ్మల ఫ్లాపీ నుంచి వైరస్ ఎక్కి కూర్చుంది. మా ప్రోగ్రాం పాతది, కొత్త వైరస్సును గుర్తుపట్టే శక్తి దానికి లేదు. అతుకు ఉండి ఉంటే ఆ ఫ్లాపీ కనీసం వైరస్‌ను మోసుకుపోయేది కాదు. అతుకు లేదు కనుక వైరస్ హాయిగా దాంట్లోకి ఎక్కి, పసుపు కుంకుమలతో ఊరేగింపుగా అన్ని మెషీన్లకూ వెళ్ళింది. కాపలాదారుడి భుజమెక్కి దొంగ ఇల్లిల్లూ తిరిగాడు. ఇవాళ మా ఇంట్లోవాళ్ళు ఫోన్లో వచ్చిన ప్రతి లింకునూ, మనవాళ్ళే పంపారు కదా అని నొక్కేస్తుంటే నాకు ఆ హారతి పళ్ళెమే కనబడుతుంది. ఎంత అరిచినా వినరు. అప్పుడూ వినలేదు.

పండగ సెలవులయ్యాక సెంటరు తెరిచిన రోజు నేను పొద్దున్నే వెళ్ళేసరికి నా మెషీన్ తెర నల్లగా ఉంది. సార్ చెమటలు కారుస్తున్నాడు. ఏసీ గదిలో ఆయనకు చెమట పట్టడం అదే మొదటిసారి చూడటం.

"భయపడకు. టీచరమ్మది ఫ్లాపీల ఉన్నది గద? నా మిషన్ల పెట్టి చూస్తున్న."

"తియ్యండి సార్! పెట్టకండి!" అని, ఆ ఫ్లాపీకి అతుకు లేకపోవడం చూసి చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను. అప్పటికే డ్రైవు గరగరలాడుతోంది. ఒంటికి అతుకు లేని ఫ్లాపీ, వైరస్ నిండిన మెషీన్. తెరమీద వాచకం తెరిచి చూస్తే కోయా కాదు, తెలుగూ కాదు, ఏ భాషా కాని గీతలు. సార్ నా కాళ్ళ వంక చూసి, "చెప్పులు బయట ఇడువమ్మా" అన్నాడు. ఆ క్షణంలో ఆయన్ను ఏమీ చేయకుండా ఎలా ఊరుకున్నానో నాకే తెలియదు.

హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ చూసి, ఇందులో మిగిలిందేమీ లేదన్నాడు. మెషీన్లన్నీ తుడిచేసి మళ్ళీ పనిచేసేలా చేసి వెళ్ళాడు.

ఆదివారం సార్‌కు హఠాత్తుగా కుసుమంచిలో పని పడింది. "నువ్వే జర మెల్లగ చెప్పు" అని స్కూటరెక్కాడు. టీచరమ్మ ప్రింటు తీసుకుపోవడానికి కొత్త సంచీ తెచ్చుకుంది. నేను చెప్పాను.

"ముసలమ్మ కథలు కూడా పోయినయా?"

"అవ్, అక్కా."

ఆమె తెర ముందుకు స్టూలు జరుపుకుని, "కొట్టు, మళ్ళ మొదలువెడదాం" అంది.

మాటలు వచ్చాయి. పాటలు వచ్చాయి. ఒక్కో పేజీ అవగానే నేను సార్‌ను అడక్కుండా కాగితం మీద తీసి ఆమె చేతిలో పెట్టాను. చివరికి ముసలమ్మ చెప్పిన ఆఖరి కథ దగ్గరకు వచ్చాం. గుర్తు తెచ్చుకోవడానికి ఈసారి ఆమె ముందు తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. ఇప్పపూలు ఏరడానికి అడవికి పోయిన ఒక పిల్లకు ఎలుగుబంటి ఎదురవుతుంది. ఒక ప్రశ్న అడుగుతుంది, జవాబు చెబితే దారి ఇస్తానంటుంది. అంతవరకూ చెప్పి టీచరమ్మ ఆగిపోయింది.

"ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు యాదికొస్తలేదు. నువ్వే కొట్టినవ్ గద చెల్లె, నీకు యాదికి లేదా?"

ఆ కథను నేను మొదటినుంచి చివరిదాకా నా వేళ్ళతో కొట్టాను. ఒత్తులు సరిచేశాను, కామాలు పెట్టాను. కానీ నాకు ఆ భాష రాదు. అక్షరాలు కొట్టాను, అంతే. తల అడ్డంగా ఊపాను.

"అయితే తీసెయ్. సగం కథ ఇస్తే పోరలు మిగిలింది అడుగుతరు. నేను యాడికెల్లి తేవాలె?"

ఆ ఎలుగుబంటి అడిగిన ప్రశ్న దాకా ఉన్న వాక్యాలన్నీ, ఆమె చూస్తుండగా, నేనే చెరిపేశాను.