అడుగున ఒక చెంచా

మొన్న శుక్రవారం మా అమ్మాయి ఫోనులో ఒక ఫోటో పంపింది. తను కొత్తగా కొన్న క్యాంపింగ్ వ్యానులోని ఫ్రిజ్ అది, తలుపు తెరిచి లోపల దీపం వెలుగుతుండగా తీసింది. వీధిలో నిలిపిన బండిలోని ఆ ఫ్రిజ్ చల్లదనాన్ని ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోను మీద వేలితో పెంచుకోవచ్చట, తగ్గించుకోవచ్చట. చాలా బాగుందమ్మా అని రాశాను. నిజంగానే బాగుంది. కానీ నా చూపు రెండో అరలో వరసగా పేర్చిన ప్లాస్టిక్ పెరుగు కప్పుల మీదికి పోయింది, ఆ పూట ఇక వంట మీద మనసు నిలిస్తే ఒట్టు.

నాలాగే ఈ జర్మనీకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినవాళ్ళకు మడతబండి అంటే చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కారు వెనక తగిలించుకునే చిన్న పెట్టెలాంటి బండి అది. చేరవలసిన చోటు చేరాక మూత ఎత్తి, కడ్డీలు నిలబెట్టి, రెండు పక్కలా పడకలు బయటికి లాగితే గుడ్డ గోడల గది తయారవుతుంది. మా వారు ఆఫీసులో ఒకాయన అమ్మేస్తుంటే కొన్నారు. మేముండే బ్యోబ్లింగెన్ నుంచి బోడెన్‌జే సరస్సుకి ప్రతి ఆగస్టులో దాన్ని ఈడ్చుకుంటూ పోయేవాళ్ళం. అందులో పొయ్యి ఉంది, సింకు ఉంది, ఫ్రిజ్ మాత్రం లేదు. దాని బదులు క్యూల్‌బాక్స్ అని ఒక నీలం డబ్బా, అందులో పెట్టుకునే, ప్లాస్టిక్‌లో నీళ్ళు మూసిన ఐస్ పలకలు. మా సంసారంలో గొడవలన్నీ ఆ డబ్బా చుట్టూనే జరిగాయంటే నమ్మండి.

చల్లదనం కిందికి దిగుతుంది కాబట్టి పలకలు పైన ఉండాలని ఆయన, అడుగున పెట్టి వాటి మీద గిన్నెలు పెట్టాలని నేను. ఆయన చెప్పిందే నిజమని తేలింది గానీ నేను ఒప్పుకున్నట్టు ఎక్కడా సాక్ష్యం లేదు. తాగే సీసాలను డబ్బాలో పెడితే మాటిమాటికీ మూత తీస్తారని వాటిని ఉల్లిపాయల వల సంచిలో వేసి, తాడు కట్టి, సరస్సు నీళ్ళలోకి దించేవాళ్ళం. పొద్దున్నే కరిగిన పలకలు పట్టుకెళ్ళి క్యాంపు ఆఫీసులో ఇస్తే, అక్కడావిడ తన పెద్ద ఫ్రీజరులో పెట్టి గడ్డకట్టించి ఇచ్చేది. అందరి పలకలూ ఒక్క తీరువే, తారుమారవుతాయని మా వారు మా వాటి మీద లావు పెన్నుతో తెలుగులో ‘మావి’ అని రాశారు. ఇక ఆవిడ మమ్మల్ని ఇంటిపేరుతో పిలవడం మానేసి గుండ్రటి అక్షరాల వాళ్ళు అనడం మొదలుపెట్టింది.

ఆ డబ్బాలో అన్నిటికన్నా మంచి చోటు ఒక చిన్న మరమూత స్టీలు డబ్బాది. అందులో పెరుగు ఉండేది. పెరుగు అంటే అలాంటిలాంటి పెరుగు కాదు. నేను చెప్పబోయే ఆగస్టుకి రెండేళ్ళ ముందు ఖమ్మం నుంచి తిరిగొస్తుంటే, ఇక్కడి పెరుగు గోడకు రాసే సున్నంలా ఉంటుందని నేను గొణిగితే, అమ్మ తన గిన్నెలోంచి తోడు తీసి ఆ డబ్బాలో పెట్టి, మూత మీద పాత చీర ముక్క కట్టి ఇచ్చింది. అడుగున ఒక చెంచా ఎప్పుడూ ఉంచుకోవే, అది ఉంటే ఇల్లున్నట్టే అంది. ఆ చెంచాతోనే రోజూ రాత్రి పాలు తోడేసేదాన్ని, ఆ పెరుగులోంచి మళ్ళీ ఒక చెంచా మర్నాటికి. నేను చెబుతున్న ఆగస్టు నాటికి అమ్మ లేదు. ఆ ఏడు ఉగాదికి ముందే పోయింది. ఆవిడ చీరలున్నాయి, ఫోటోలున్నాయి, కానీ ఆవిడ చేతిలోంచి వచ్చి ఇంకా బతికి ఉన్నది నాకు అదొక్కటే అనిపించేది. బ్యోబ్లింగెన్‌లో మాకు తెలిసిన రెండు తెలుగు కుటుంబాలూ ఆ సెలవులకి ఊరెళ్ళాయి, తోడు ఎవరికి అప్పజెప్పను? వెంట తీసుకుపోక తప్పలేదు.

పొయ్యి మీద పాలు గోరువెచ్చన చేసి, తోడు వేసి, తువ్వాలులో చుట్టి పడక మూలన పెడితే తెల్లారేసరికి గడ్డగా తోడుకునేది. అక్కడిదాకా బాగానే ఉంది, కష్టం ఆ తరవాతే. గుడ్డ గోడల బండి పది గంటలకల్లా కాగిపోయేది, చల్లగా ఉంచకపోతే మధ్యాహ్నానికి పెరుగు నోట్లో పెట్టుకోలేనంత పులిసేది. ఆ ఏడు ఎండలు మరీ మండిపడ్డాయి. క్యాంపు ఆఫీసు ఫ్రీజరు అందరి పలకలతో నిండిపోయి మావి సగం కూడా గడ్డకట్టడం లేదు. పెరుగు డబ్బాకి తడిగుడ్డ చుట్టి, దాని పక్కనే కూర్చుని విసురుతుంటే మా వారు నవ్వారు. నేను నవ్వలేదు.

మా పక్క స్థలంలో బ్రెమెన్ నుంచి ఏటా వచ్చే ఒక పెద్దావిడ, ఆవిడ భర్త ఉండేవారు. వాళ్ళ కారవాన్‌లో గ్యాసుతో నడిచే ఫ్రిజ్ ఉంది. ఆవిడ నా విసురుడంతా చూసి వచ్చి, తన ఫ్రిజ్‌లో సాసేజ్‌లు ఒక పక్కకి జరిపి నా డబ్బాకి చోటిచ్చింది. బదులుగా ఏమివ్వగలను? ఒక కప్పు పెరుగు ఇచ్చాను. దోసకాయ ముక్కలు కోసి, సోయకూర లాంటి ఆకేదో చల్లుకుని తిన్నదట, మర్నాడు ఎలా చేస్తావని అడిగింది. నా వచ్చీరాని జర్మన్‌లో, సగం చేతులతో, పాలు ఎంత వెచ్చగా ఉండాలో చిటికెనవేలు ముంచి చూపించి, తోడు ఒక చెంచా ఇచ్చాను. అడుగున ఒక చెంచా ఉంచుకోవాలని మాత్రం మా అమ్మాయి చేత రెండుసార్లు చెప్పించాను. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు, అయినా జర్మన్‌లో నాకన్నా పెద్దమనిషి.

వానపడి వాతావరణం చల్లబడ్డాక డబ్బా మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. ఆ వారాంతం కాట్‌బస్‌లో మాస్టర్స్ చేస్తున్న మా పిన్ని కొడుకు మమ్మల్ని చూడడానికి అంత దూరం నుంచి రైళ్ళు మారి వచ్చాడు. మేము ముగ్గురం ఈతకి వెళ్ళి వచ్చేసరికి తమ్ముడు మా అందరికీ మజ్జిగ చేసి పెట్టాడు. అల్లం, పచ్చిమిరపకాయ దంచి, ఉప్పేసి, సరస్సులో దించిన నీళ్ళ సీసా తెచ్చి కలిపి, అమృతంలా చేశాడు. నేనూ ఒక గ్లాసు తాగాను. గ్లాసు కింద పెడుతుంటే కనబడింది, బండి మెట్టు పక్కన గడ్డి మీద, శుభ్రంగా తోమి బోర్లించి ఆరబెట్టిన స్టీలు డబ్బా.

పాపం, వాడి తప్పేముంది? చుట్టం ఇంటికి వెళితే వాడిన గిన్నె కడిగి పెట్టాలని వాళ్ళమ్మ నేర్పింది, హాస్టల్లో పెరుగంటే షాపులో కొనే డబ్బా. “బాగ తోమిన అక్కా, ఒక్క మరక లేదు సూడు” అన్నాడు సంబరంగా. బండి లోపలికి పోయి, పడక మీద కూర్చుని, అమ్మ పోయిన రోజు రాని ఏడుపంతా ఏడ్చాను. మా వారు గుడ్డ తలుపు దగ్గర నిలబడ్డారే గానీ లోపలికి రాలేకపోయారు. తమ్ముడు బయట ఏమైంది బావా, ఏమైంది అని అడుగుతూనే ఉన్నాడు.

అప్పుడు మా అమ్మాయి, ఎవరూ చెప్పకుండానే, తడి బట్టలతోనే పక్క కారవాన్‌కి పరుగెత్తింది. కాసేపటికి బ్రెమెన్ పెద్దావిడ వచ్చింది. రెండు చేతులతో ఒక జామ్ సీసా పట్టుకుని, తొణుకుతుందేమోనన్నంత జాగ్రత్తగా. మిగిలిందంతా పొద్దునే వాళ్ళాయన తినేశాడట, కానీ నువ్వు చెప్పావుగా అని అడుగున ఒక చెంచా ఉంచాను అంది. అంతే ఉంది, సరిగ్గా ఒక చెంచా. ఆ రాత్రి ఆ చెంచాతోనే పాలు తోడేశాను. తెల్లారి తువ్వాలు విప్పి చూస్తే పెరుగు కత్తితో కోయొచ్చన్నంత గట్టిగా తోడుకుని ఉంది.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ పెరుగుకి రెండిళ్ళు, బ్యోబ్లింగెన్‌లో ఒకటి, బ్రెమెన్‌లో ఒకటి. మాది చెడితే ఆవిడ ఆగస్టులో తెచ్చేది, ఆవిడది చెడితే నేను ఇచ్చేదాన్ని. తరవాత వాళ్ళు రావడం తగ్గింది. మడతబండి గుడ్డ చిరిగి, అమ్మేశాం. కరోనా రోజుల్లో మేమిద్దరం ఒకేసారి జ్వరంతో మంచం పట్టాం, లేచి చూసేసరికి గిన్నె బూజు పట్టి ఉంది. బ్రెమెన్ ఆవిడ సెల్‌కి ఫోను చేస్తే ఆవిడ కొడుకు ఎత్తాడు. అమ్మని వృద్ధుల హోమ్‌లో చేర్చామని, ఇల్లు ఖాళీ చేసేశామని చెప్పాడు. ఫ్రిజ్‌లో ఒక సీసా ఉండేదే అని అడగబోయి ఊరుకున్నాను.

ఈ ఆదివారం అమ్మాయి మమ్మల్ని తన వ్యానులో అదే సరస్సుకి తీసుకెళ్ళింది. ఇప్పుడు ప్రతి బండిలోనూ ఫ్రిజ్ ఉంది, పలకలు పట్టుకుని ఆఫీసు ముందు నిలబడేవాళ్ళు లేరు, పక్క బండి తలుపు తట్టి ఒక మూల చోటిస్తారా అని అడిగేవాళ్ళూ లేరు. మా పక్క స్థలంలో ఎవరున్నారో సాయంత్రం దాకా మాకు తెలియలేదు. అమ్మాయి స్ట్రాబెర్రీ పెరుగు కప్పు ఒకటి తీసి, తిని, ఇంకా కొంచెం మిగిలుండగానే కప్పును మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టింది. ఆ కాస్తా తినేయక ఎందుకే దాచావు అన్నాను. అది కప్పు వైపు చూసి, తనకే వింతగా అనిపించినట్టు నవ్వింది.

“కైనే ఆనుంగ్, ఏమో అమ్మా. అలవాటు. అడుగున ఒక చెంచా ఉంచాలని నువ్వే కదా చెప్పేదానివి.”

స్ట్రాబెర్రీ పెరుగుతో ఏ పాలూ తోడుకోవు. నాకు తెలుసు. సాయంత్రం సామాను సర్దేటప్పుడు మా వారు ఆ కప్పు తీసి చెత్తబుట్టలో వేయబోతే, ఉండనివ్వండి అన్నాను.