కింద ఎవరున్నారో చూసుకో

ఆస్పత్రి వరండాలో నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని కూర్చున్నాను. రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. నా కుడిచేతి చూపుడు వేలు దానంతటదే నేలవైపు తిరిగి, చిన్న చిన్న సున్నాలు చుట్టడం మొదలుపెట్టింది. పక్కనున్నావిడ అది చూసి కాస్త జరిగి కూర్చుంది. ఆవిడ తప్పేం లేదు. ఇది పైడిరాజు బాబాయ్ గారు నాకు అంటగట్టి పోయిన అలవాటు.

ఆయన మా కింద వాటాలో ఉండేవారు. రేవులో ముప్పై ఏళ్ళు క్రేను ముందు నిలబడి, బరువు ఎప్పుడు లేపాలో ఎప్పుడు దించాలో చేతులతో చెప్పిన ఖలాసీ. నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రోజుల్లో ఒకచోట ఐదు నిమిషాలు కుదురుగా ఉండలేకపోయేదాన్ని. ఆటోనగర్ వర్క్‌షాపులో ఇనుప ముక్కల కొలతలు చూసే ఉద్యోగం నాది. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపేదాన్ని. అలాంటిది నా ఒంటి కొలతే తప్పిపోయింది. కుట్లు సలుపుతుంటే హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరుగుతూ అందరి మీదా విసుక్కునేదాన్ని. నా అడుగుల చప్పుడు భరించలేకేమో, ఒక మధ్యాహ్నం ఆయన కర్ర పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. అంతకుముందు ఆయనకూ పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. నొప్పి ఓర్చుకోవడానికి తనను తాను హిప్నటైజ్ చేసుకోవడం అప్పుడే ఆస్పత్రిలో కౌన్సెలింగ్ చేసే ఒకావిడ నేర్పిందట.

“గారడీయా బాబాయ్ గారూ?” అన్నాను వెటకారంగా.

“గారడీ అయితే ముందు నా మోకాలు బాగు సేసుకుందును కాదేటమ్మా. ఇది మందు కాదు. మాత్రలు మాత్రలే. కూకో, కళ్ళు ముయ్యి.”

ఆవిడ మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమందట. ఈయన మెట్లు తీసేసి క్రేను పెట్టుకున్నారు. ఛాతీ ఎత్తున కొక్కేనికి బరువు వేలాడుతోందనుకోవాలి. ఊపిరి వదిలినప్పుడల్లా వేలు తిప్పుతూ “ఆరియా” అనాలి, అంటే దించమని. పది ఆరియాలకి బరువు నేలను తాకాలి. అప్పుడు ఒంటికి ఒక్క మాట చెప్పాలి, ఇక ఊరుకోమని. తరువాత “హబేసు” అంటూ నెమ్మదిగా పైకి రావాలి. వారం రోజులు నాకు నవ్వే వచ్చింది. ఎనిమిదో రోజున ఏడో ఆరియా దగ్గర భుజాలు జారాయి. నొప్పి ఉంది, కానీ పక్క గదిలోకి పోయింది. ఆపరేషన్ తరువాత హాయిగా నిద్రపోయింది ఆ మధ్యాహ్నమే.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. చేయి బరువెక్కితే దించాను, ఒళ్ళు వెచ్చబడితే దించాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. అలా నాలుగో రోజు నా చేయి బాబాయ్ గారి కంట పడింది.

“ఏటమ్మా, సెయ్యి ఎర్రగా ఉబ్బిపోనాదేటి?”

“నొప్పి లేదు. దించేశాను,” అన్నాను మార్కులు ఆశించే పిల్లలా.

ఆయన ముఖం పాలిపోయింది. ఆటో పిలిపించి నన్ను ఎక్కించి, తనూ పక్కన కూర్చున్నారు.

“దించేముందు కింద ఎవులున్నారో సూసుకోవాలని సెప్పలేదు నీకు. తప్పు నాదే. కిందోడు కేకేత్తే ఆపాల. నీ వొళ్ళు కేకేత్తంది, నువ్వు ఆరియా అంటన్నావు. ఓపాలి రేవులో నాను ఆ కేక ఇనిపించుకోలేదు. మా బావ కాలు పోనాది.”

కోసినచోట చీము పట్టింది. ఇంకొక్క రోజు ఆగితే మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సి వచ్చేదన్నారు డాక్టరు. సిగ్గుతో ఏడ్చాను. బాబాయ్ గారు ఓదార్చలేదు.

“ఇప్పుడు సెప్పు, కింద ఎవులున్నారు?”

“చేయి. జ్వరం.” కళ్ళు తుడుచుకుని, “భయం,” అన్నాను.

“ముందు రెండూ డాక్టరు సూసుకుంటాడు. ఆ మూడోదాన్ని దించుకో.”

పోయిన ఏడాది ఆయన జబ్బు తిరగబెట్టి, ఆయన పోయారు. ఇంకా నాకు పూర్తిగా కుదురు రాకముందే వెళ్ళిపోయారని ఇప్పటికీ కొంచెం కోపం. ఆ కోపం తగ్గాలని నాకూ లేదు.

ఇవాళ మామూలు చెకప్. వారం నుంచి చంక కింద ఏదో గడ్డలా చేతికి తగులుతోంది. ఇంట్లో చెప్పలేదు. డాక్టరుకీ చెప్పకూడదనుకునే వచ్చాను. పొద్దుటి నుంచి ఎన్ని ఆరియాలు అనుకున్నా బరువు నేల తాకడం లేదు. ఇంతలో నర్సు నా పేరు పిలిచింది. వేలు ఆగింది. కింద ఎవరున్నారో నాకు తెలుసు.

లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చోకముందే చేయి పైకెత్తి, “ముందు ఇక్కడ చూడండి,” అన్నాను. ఆ తరువాతే కళ్ళు మూసుకుని, ఆరియా అనుకున్నాను.