టీచరమ్మ పెట్టిన టిక్కులు

ఇబ్రహీంపట్నంల బాలనర్సమ్మ టీచరంటే తెల్వనోళ్ళు లేరు. ముప్పై ఏండ్లాయె ఆమె అంగన్‌వాడి నడపవట్టి. పిల్లగాన్ని తూకం ఏసే ముందు ఒకపారి చేతులల్ల ఎత్తుకుంటది, గంతే. "ఏడు కిలోల మీద జరంత" అంటది. కాంటా గూడ గదే చెప్తది. ఆమె నోరంటే తల్లులకు భయం, ఆమె కన్నంటే నమ్మకం. పిల్లకు నలతగుంటే దవాఖానకు పోయే ముందు టీచరమ్మకే చూపిస్తరు.

చెరువుల చేపలు పట్టే పరమేష్ బిడ్డ సంగతి ఊరంత ఎరికే. ఆ పిల్లకు ఎనిమిది నెలలున్నప్పుడు వెనుకనుంచి పళ్ళెం కొట్టినా ఉలికిపడలే. టీచరమ్మ ఆ దినమే పరమేష్‌ను పట్టుకున్నది.

"పిల్లకు చెవులు ఇనొస్తలేవురా. పట్నం తీస్కపో."

"పెద్దగైతే అదే ఇంటది తియ్ టీచరమ్మా."

"పెద్దగయ్యేదాక ఊకుంటవా? రేపు పొద్దుగాల బస్సుకు నేనొస్త. నువ్వెట్ల రావో నేను చూస్త!"

రెక్క పట్టి లాక్కపోయింది. ఆ పిల్ల ఇయ్యాల చెవికి మిషిను పెట్టుకొని బడికి పోతున్నది, తొవ్వల ఎదురైతే "టీచరమ్మా" అని కేకేస్తది. గసొంటి మనిషి బాలనర్సమ్మ. మరి గంత కన్నున్న మనిషి సొంత మనుమని కాడికొచ్చేసరికి కండ్లు మూసుకున్నది. ఏమనాలె చెప్పుర్రి! ఇంట గెలిచి రచ్చ గెలువుమంటరు పెద్దలు. ఈమె రచ్చ గెలిచింది గని ఇంట్ల ఓడిపోయింది.

కొడుకు ఐలేష్ శేరిగూడల ఇంజినీరింగ్ కాలేజీ బస్సు నడుపుతడు. కోడలు నర్మద కందుకూరు పిల్ల, నెమ్మదస్తురాలు. వాళ్ళకు పెండ్లైన నాలుగేండ్లకు పుట్టిండు లోహిత్. పుట్టిన్నాడు టీచరమ్మ వాడకట్టంత మిఠాయి పంచింది. ఎనిమిది నెలలకే పాకిండు, పదకొండు నెలలకు నిలవడ్డడు. ఇంకేం, ఆమె కాలు భూమ్మీద ఆగలే.

తల్లీబిడ్డ కార్డుల ఒక పేజీ ఉంటది. ఏ నెలకు పిల్లలు ఏం చెయ్యాలెనో బొమ్మలతోని ఉంటది. చేస్తే పక్కన టిక్కు పెట్టాలె. లోహిత్‌కు ఏడాది నిండిన నెల, తూకాల దినం, ఇరవై మంది తల్లుల ముంగట టీచరమ్మ మనుమని కార్డు తెరిచింది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తడా అని ఉన్నదండ్ల.

"లోహిత్! ఓ లోహితూ!"

వాడు గిన్నె మూత నేల మీద గిర్రున తిప్పుకుంట కూసున్నడు. తలెత్తలే. రెండోసారి పిలిచింది. మూడోసారి గట్టిగ పిలిచింది. తల్లులు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. గప్పుడే ఆయమ్మ భూలక్ష్మి, మూలకు కూసొని, పిల్లలకు పంచే బాలామృతం పాకెట్టు చించింది. ఆ చప్పుడుకు లోహిత్ గిరుక్కున తిరిగిండు.

"ఇగో, చూసిండు!" అని టిక్కు పెట్టింది టీచరమ్మ.

"వాడు పాకెట్టు చప్పుడుకు చూసిండు గద టీచరమ్మా," అన్నది భూలక్ష్మి.

"నీ పని నువ్వు చేస్కో," అన్నది.

వేరే పిల్లగాడైతే పెట్టకపోవు. పరమేష్ బిడ్డ కార్డైతే అసలే పెట్టకపోవు. ఆ సంగతి ఆమె మనసుకు ఎరికే. టీచరమ్మ మనుమడే పలుకుతలేడంట అని వాడకట్టు అనుకుంటదేమోనని ఒక భయం. అంతకన్న పెద్ద భయం ఇంకోటి ఉండె గని, దాని దిక్కు ఆమె చూడనే లేదు.

రెండు నెలలు గడిచినంక ఒకనాడు బట్టలు ఆరేసుకుంట నర్మద మెల్లగ ముచ్చట తీసింది.

"అత్తమ్మా, వీడు నా మొఖం చూస్తలేడు. నీళ్ళు కావాలంటే నా చెయ్యి పట్టుకపోయి బిందె మీద పెడ్తడు. చెయ్యి దిక్కు చూస్తడు గని నా దిక్కు చూడడు. మునివేళ్ళ మీద నడుస్తుండు. జర పట్నంల చూపిద్దమా?"

"ఫోన్ చూపించి చూపించి పోరని ఖరాబు చేసినవ్, ఇప్పుడు పట్నమా? వాళ్ళ నాయిన మూడేండ్లకు మాట్లాడిండు. ఇగో, కార్డు చూడు, అన్నిట్ల టిక్కే ఉన్నది. ముప్పై ఏండ్ల సంది పిల్లలను చూస్తున్న నాకు తెల్వదా, నిన్నగాక మొన్న తల్లైన నీకు తెలుసా?"

ఐలేష్ మాట్లాడింది రెండేండ్లకే. కోడలి నోరు మూయించెతందుకు ఇంకో ఏడాది కలిపింది. నర్మద ఆ దినమే ఫోను బీరువల పెట్టి తాళమేసింది. తప్పంత తనదే అనుకున్నది పాపం.

ఫోను పోయినా లోహిత్ మారలే. చెప్పులన్నీ వరుసగ పేర్చేటోడు, ఎవలన్న ఒక్కటి జరిపితే తల నేలకేసి కొట్టుకునేటోడు. గప్పుడు టీచరమ్మకు గూడ లోపల ఫికర్ మొదలైంది. చిన్నపిల్లల నోట్లె ఏదివడితే అది పెట్టొద్దని తల్లులను తిట్టే మనిషి, తలుపు దగ్గరికేసుకొని మనుమని నాలుకకు వసకొమ్ము అరగదీసి రాసింది. చిలుక కొరికిన జామపండు తినిపిస్తే మాటలొస్తయంటే, తోటలెంబడి తిరిగి ఎతుకొచ్చింది. పట్నం బస్సు మాత్రం ఎక్కలే. రెండేండ్లు నిండినప్పుడు కార్డుల ఇంకో గీత వచ్చింది, రెండు మాటలు కలిపి అంటడా అని. వాళ్ళ నాయిన బస్సు హారన్ లెక్క లోహిత్ "పాం పాం" అనేటోడు. రెండు పాంలు రెండు మాటలు లెక్కేసుకొని టిక్కు పెట్టింది. నవ్వొస్తుంది గదా? ఆమెకు గూడ గప్పుడు నవ్వే వచ్చింది.

మూడేండ్లు దాటినంక ఒక పొద్దున ఐలేష్ ఇంటి ముంగట బస్సు వెనుకకు తీస్తుండు. లోహిత్ ఎప్పుడు బయటికొచ్చిండో, వెనుక చక్రం తిరుగుడు చూసుకుంట వంగి నిలవడ్డడు. "లోహిత్! జరుగురా! లోహిత్!" అని టీచరమ్మ గడప మీది నుంచి గొంతు పోయేటట్టు ఒర్లింది. వాడు కదలలే. నర్మద కొంగు జారిపోతున్నా ఉరికొచ్చి వాన్ని గుంజుకున్నది. చక్రం జానెడు దూరంల ఆగింది. ఐలేష్ దిగొచ్చి కొడుకును ఎత్తుకున్నడు.

"ఎవ్వరి మాట ఇన. రేపు పట్నం పోతున్నం," అన్నడు.

పట్నంల డాక్టరమ్మ గంటసేపు లోహిత్‌తో ఆడింది. బుడగలూదింది, బంతి దొర్లించింది, పేరు పెట్టి పిలిచింది. అంత చూసినంక కార్డు తీసింది. ఆమె మొఖం మారింది.

"ఇందులో ఏడాదికే పేరు పెట్టి పిలిస్తే చూశాడని ఉంది. రెండేళ్ళకి రెండు మాటలు కలిపాడని ఉంది. అంటే వచ్చిన మాటలు తర్వాత పోయాయా? ఎప్పటి నుంచి? అలా అయితే మత్తిచ్చి తల పరీక్షలు కూడా చేయించాల్సి రావచ్చు. బాగా గుర్తు చేసుకొని చెప్పండమ్మా."

నర్మద అత్త దిక్కు చూసింది. ఐలేష్ గూడ చూసిండు. బాలనర్సమ్మ ముంగట ముప్పై ఏండ్ల పేరు ఒక దిక్కు, మత్తు సూది ఒక దిక్కు.

"పోలే డాక్టరమ్మా," అన్నది. "రానే లేదు, ఇంక పోవుడెక్కడిది? గా టిక్కులు పెట్టింది నేనే. చూసి పెట్టలే. చూడొద్దనుకొని పెట్టిన."

డాక్టరమ్మ తిట్టలే. తిడితే నయముండు. ఇది ఆటిజం అనిపిస్తుందన్నది. రోగం కాదు, ఎవరి ఫోనూ తేలేదు, ఎవరి తప్పూ కాదన్నది. నేర్పితే నేర్చుకుంటాడు, కాకపోతే ఒకటిన్నర ఏడాది వయసులోనే మొదలుపెట్టి ఉంటే ఇంకా బాగుండేదన్నది. ఇంటి కాడ నింపి తెమ్మని ప్రశ్నల కాయితమిచ్చి, వారానికి మళ్ళ రమ్మన్నది.

తిరిగొచ్చే బస్సుల లోహిత్ కిటికీకి మొఖం ఆనించి కూసున్నడు. సాగర్ రోడ్డు మీద సగం దూరమొచ్చినంక నర్మద అత్త దిక్కు తిరిగింది.

"నాకు ఏడాదికే తెల్సు అత్తమ్మా," అన్నది. గొంతు లేపలే. "పొద్దు మాపు వాన్ని చూసేదాన్ని నేనే గద. గని నువ్వు టిక్కు పెట్టినంక నా కండ్లదే తప్పనుకున్న. ఊరోళ్ళంత నిన్ను నమ్ముతరు, నేను గూడ నమ్మిన."

బాలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నాలుగు మాటలు తిడితే పడేది, ఒక దెబ్బ కొడితే గూడ పడేది. రెండేండ్లు! పరమేష్‌ను ఒక్కనాడు గూడ ఆగనియ్యని మనిషి, సొంత మనుమనికి రెండేండ్లు పోగొట్టింది. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే ఉన్నది ఆమె పని, గని ఆ ఆకులన్న పట్టుకోవాలె గద.

తెల్లారి నర్మద డాక్టరమ్మ ఇచ్చిన కాయితం ముంగటేసుకొని కూసున్నది. లోహిత్ గిన్నె మూత తిప్పుతున్నడు. అలవాటు కొద్ది టీచరమ్మ కలం కోసం చెయ్యి చాపింది. నర్మద ఇయ్యలే.

"నేను రాస్త. నువ్వు పిలువు అత్తమ్మా."

గూట్లె బాలామృతం పాకెట్టున్నది. బాలనర్సమ్మ దాని జోలికి పోలే. ఉత్త చేతులతోని మనుమని వెనుక కూసున్నది.

"లోహిత్."

మూత తిరుగుతనే ఉన్నది.

"లోహితూ... ఓ నా బంగారు కొండా... లోహిత్."

మూత తిరిగి తిరిగి నేల మీద వడ్డది. వాడు మళ్ళ తిప్పిండు. నర్మద కలం పట్టుకొని చూస్తున్నది.

"ఏం రాయాలె అత్తమ్మా?"

"చూడలే బిడ్డా," అన్నది బాలనర్సమ్మ. "లేదని రాయి."