కాపర్-టి వేయించుకున్నంక

చిన్నోనికి ఏడాది నిండినంక మళ్ల పిల్లలు కాకుండ చేవెళ్ల దవాఖానల కాపర్-టి వేయించుకున్న. ఈ సంగతి మా ఆయనకు తప్ప ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. ఇంకొక్క పిల్లనో పిలగాడో ఉంటే మంచిగుంటదని మా అత్తమ్మకు ఆశ.

"మొదట్ల నెలనెలా రక్తం జర ఎక్కువ పోతది, నొప్పి గూడ ఉంటది," అని నర్సు ముందుగాలనే చెప్పింది. ఎక్కువంటే ఎంతనో నేను అడగలే.

తర్వాతి నెల మా కిరాణ దుకాణంల కూసొని ఒకామెకు కందిపప్పు తూస్తున్న. లేచేసరికి స్టూలు మీద మరక. కొంగు చుట్టుకొని ఇంట్లకు పోయిన. ఆ నెల రక్తం ఆగినట్టే ఆగి మళ్ల మొదలయ్యేది. కడుపుల మెలిపెట్టినట్టుండేది. మెట్లెక్కితే ఆయాసం. ఫోన్ల దీని గురించి చూస్తే ఇంకా భయమైంది.

"తీపిచ్చేద్దాం పా," అన్నడు మా ఆయన. తీపిస్తే తర్వాత ఎట్ల? గోలీలు నాకు పడవు, వాంతులైతయి.

ఒకరోజు మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే అత్తమ్మ వచ్చింది.

"ఏమైంది బిడ్డా, రోజు లంగలు నానబెడుతున్నవ్?"

నాకు ఏడుపాగలే. మొత్తం చెప్పిన. ఆమె నా చేతులకెళ్లి తడిబట్ట తీసుకొని దండెం మీద ఏసింది.

"చెప్తే వద్దంటననుకున్నవా?"

"అవునత్తమ్మ."

"అంటుంటి. కానీ గింత రక్తం పోతుంటే దాసుకుంటరా?"

మా ఆయనను దుకాణంల కూసోబెట్టి, ఆమెనే నన్ను బస్సుల మొయినాబాద్ లేడీ డాక్టర్ దగ్గరికి తోల్కపోయింది. డాక్టరమ్మ స్కానింగ్ చేసి, "కాపర్-టి పెట్టిన కాడనే ఉన్నది, ఫికర్ చెయ్యకండి," అన్నది. రక్తం తక్కువుందని ఐరన్ గోలీలు, బ్లీడింగ్ తగ్గడానికి వేరే గోలీలు రాసింది. "ఇంకొన్ని నెలలు చూడండి. తగ్గకపోతే తీసేద్దాం."

"తీస్తే మళ్ల పిల్లలైతరా?" అత్తమ్మ అడిగింది.

"అయితరు."

"గట్లయితే ఉండనియ్," అన్నది నాతోని. బస్టాండ్ కాడ బీట్‌రూట్ కొన్నది. బస్సుల సీటు దొరికితే నన్ను కూసోమని తను నిలబడ్డది.

మెల్లమెల్లగ తగ్గింది. ఒక నెల మామూలుగ అయ్యి, మామూలుగనే ఆగింది. ఆ పొద్దు తలస్నానం చేసి, తడి జుట్టుతోనే పండుకున్న. మధ్యాహ్నం దాకా నిద్రపోయిన. ఎవ్వరూ లేపలే.