బొగ్గు బావి చదువు, మా అత్త కుండలు

నైజాం ఇలాకాలోని బొగ్గు బావులకు మనుషులను తీసుకుపోయే మేస్త్రీ మార్కాపురం వైపు వస్తాడని, పంటలు పోయిన ఏడాది కబురు తెలిసింది. అప్పటికి మా ఇంటాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. నేను అదే గనిలో పనికిరాని రాయిని సమ్మెటతో పగలగొట్టి గంపకెత్తేదాన్ని. బొగ్గు బావి దగ్గర ఆలుమగలకు వేరే గుడిసె ఇస్తారని విన్నాను. అంతే, నాకు బొగ్గు మీద భక్తి కుదిరింది. మా అత్త పొయ్యి దగ్గర ఉప్పు వేసే అధికారం కూడా నాకు లేదు. నాకంటూ ఒక పొయ్యి ఉంటే, అది పాతాళంలో ఉన్నా పోవడానికి నేను సిద్ధమే.

మా ఇంటాయనను తయారుచేసే పని ఆయన చిన్నాన్న నెత్తికెత్తుకున్నాడు. ఈ చినమామ బొగ్గు బావికి పోయి, నెల తిరక్కుండానే పారిపోయి వచ్చినవాడు. ఆ నెలలో చూసింది ఊరికి చెప్పడానికి ఆయనకు ఏళ్లు పట్టింది.

"బాయిలో అంతా చీకటిరా అబ్బయ్యా, కండ్లుండేది దండగ" అని మా ఇంటాయన కళ్లకు తువ్వాలు కట్టి, ఎండిన దిగుడుబావి మెట్లు ఎక్కించి దింపాడు. "పైకప్పు తక్కువ, వంగి నడవాల" అని నులకమంచాల కింద పాకించాడు. దాంతో మా ఇంటాయన ఆకాశం కింద కూడా నడుము వంచే నడవసాగాడు. గురువు మాత్రం మంచం మీద కూర్చునే పాఠం చెప్పేవాడు.

మేస్త్రీ వచ్చాడు. చీకటి సంగతి అడగలేదు, నడుము చూడలేదు. గని పక్కనున్న రాతి దిమ్మ చూపించి, "పగలగొట్టు" అన్నాడు.

పలకల పనివాడికి రాయి పగిలిందంటే కూలి పోయినట్టే. మా ఇంటాయన దిమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు. వేళ్లతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. ఉలి ఆనించి, పసిబిడ్డను జోకొట్టినట్టు సుత్తితో తట్టాడు. అప్పడంలాంటి పొర ఒకటి చెక్కుచెదరకుండా లేచింది. దాన్ని రెండు చేతులతో మేస్త్రీకి అందించాడు.

"ఏంది నాయనా ఇది?"

"మంచి రాయి అన్నా. పగల్లేదు."

"పగలగొట్టమంటి గదా! బొగ్గును ఇట్ల తడుముకుంటా కూచుంటే టబ్బు బండి ఎప్పుడు నిండేది? గట్టిగా కొట్టు."

మా ఇంటాయన సమ్మెట ఎత్తాడు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దాన్ని దించి, మళ్లీ రాయిని తట్టి విన్నాడు.

ఇంకా వెలిగించని నా పొయ్యి ఆరిపోవడం కళ్లారా చూశాను. ఆగలేక సమ్మెట లాక్కుని దెబ్బ మీద దెబ్బ వేశాను. దిమ్మ పిండైంది.

"ఈయమ్మ పనికొస్తది" అన్నాడు మేస్త్రీ. "అయితే కొట్టేది మగోడి పని, ఆడోళ్లు మోసేదానికే. ఏమ్మా, నీ మొగుడికి పగలగొట్టేది నేర్పించు. ఈసారి వచ్చినప్పుడు ఇద్దర్నీ తీసకపోతా."

మర్నాటి నుంచి నేనే గురువును. రాయి పెడితే మళ్లీ వినడం మొదలుపెడతాడని, మా అత్త మూలన పడేసిన ఓటి కుండ తెచ్చి ఎదురుగా పెట్టాను. దాన్నీ తట్టి విన్నాడు.

"ఇది బీటలిచ్చిందే" అని నాకే చెప్పాడు.

"తెలుసులే, కొట్టు."

కళ్లు మూసుకుని కొట్టాడు. ఆ చప్పుడు ఆయనకు నచ్చింది. కళ్లు మూసుకుని కొట్టేవాడికి ఓటి కుండేదో మంచి కుండేదో ఏం తెలుస్తుంది? ముందు నీళ్ల కుండ పోయింది, ఆ వెనకే మా అత్త కూరచట్టి.

అత్త చీపురు పట్టుకుని వచ్చింది. "ఏందే, నా కొడుకును బొగ్గు బాయికి తయారుచేస్తాండావా, నా కొంపకు ఎసరు పెడతాండావా?"

"వేరే పొయ్యి దొరికిందాకా నేర్చుకోవాల్సిందే గదా అత్తా."

ఆమె చిల్లపెంకుల వంక, మిగిలిన సంగటికుండ వంక చూసింది. "పొయ్యి కోసమా ఇదంతా? ఆ వసారాలో పెట్టుకోపోవే నీ పొయ్యి! నీ మొగుణ్ణి మాత్రం నా కుండలకాడికి రానీకు."

ఆ సాయంత్రమే రాళ్లు పేర్చాను. మేస్త్రీ మళ్లీ వచ్చేసరికి మా ఇంటాయన గనిలో హాయిగా రాయి తట్టి వింటున్నాడు. మేం పోలేదు. ఇంత విద్య వృథా అయిందని చినమామ ఊరంతా తిరిగి బాధపడ్డాడు.

ఆనాడు మేస్త్రీ పారేసిన పలక పొరను నేను ఏరి తెచ్చుకున్నాను. నా పొయ్యి మీద మొదటి సంగటికుండకు అదే మూత. తల నెరిశాక నేను అక్షరాలు దిద్దుకున్నదీ దాని మీదే. మసి వదిలించడానికి మాత్రం బోలెడు చింతపండు ఖర్చయింది.