సీసా మీది కాగితపు గాట్లు

కొత్తవాడ మగ్గాల నడుమ పెరిగిన మార్కండేయులుకు కత్తెర పట్టడం ఎవరూ నేర్పనక్కరలేదు. ఫార్మసీ డిప్లొమా పూర్తిచేసి, డెబ్భై నాలుగులో నర్సంపేట దారిలోని ఒక పల్లె దవాఖానకు ఉద్యోగానికి వచ్చినప్పుడు, అతనికి అన్నిటికంటే నచ్చిన పని కాగితం పట్టీలు కత్తిరించడమే. ఆ రోజుల్లో రోగులు సీసా ఇంటినుంచే తెచ్చుకునేవారు. అందులో మందు పోసి, ఎన్ని మోతాదులో అన్ని గాట్లున్న సన్నని కాగితం పట్టీని సీసా పక్కన నిలువుగా అంటించేవాడు. పూటకొక గాటు చొప్పున మందు దిగాలి. అక్షరం రానివారికి కూడా అందే లెక్క అది. అంటించడానికి జిగురు వెతుక్కోవలసిన పని లేదు. పడుగుకు పెట్టే గంజిలోంచే కాస్త తీసి, తల్లి భాగ్యమ్మ రోజూ చిన్న డబ్బాలో పోసి ఇచ్చేది.

దవాఖానకు ముందొక కిటికీ, వెనుకొక కిటికీ. ఊరివారు ముందు నిలబడేవారు. మాదిగవాడ వారు వెనక్కి వెళ్లి, కిటికీ బండ మీద సీసా పెట్టి దూరంగా జరిగేవారు. లోపలినుంచి మందును ధారగా పోసేవారు. సీసాను ముట్టుకోవడం లేదు గనుక పట్టీ అంటించడమూ లేదు. ఈ పద్ధతి ఏ ఉత్తర్వులోనూ లేదు. పాత అటెండరు నర్సింగం, "ఈడ గిట్లనే సారూ" అని చూపించాడు. మార్కండేయులు అట్లాగే పోస్తూ వచ్చాడు.

ఆ వెనుక కిటికీకి వచ్చేవారిలో సమ్మమ్మ ఒకతె. కూలికి పోయే మనిషి. ఆమె కూతురు చిలుకమ్మకు ఫిట్లు. ఒకసారి పొయ్యి ముందు కూర్చుని ఉండగానే ఫిట్టు వచ్చి, నిప్పుల్లో పడి మోచేయి కాలింది. ఎన్ని నెలలు మందిచ్చినా ఫిట్లు తగ్గలేదు.

ఒకనాడు డాక్టరు గారు విసిగిపోయారు. "ఆ పిల్లకు ఇక మందు ఆపేద్దామయ్యా. ఈ సీసాతో సరి. వాళ్లు సరిగ్గా వాడరు. వాడేవాళ్లకిస్తే సార్థకం."

ఫిట్ల మందు ఒక్కసారిగా ఆగిపోతే పిల్ల ప్రాణానికే ముప్పని మార్కండేయులుకు తెలుసు. వెనుక కిటికీ దగ్గరికి వెళ్లి, బండ మీదుగా వంగి, సీసాతో నిలబడ్డ సమ్మమ్మను అడిగాడు.

"అక్కా, మందు ఎట్ల తాపుతున్నవు?"

అక్కా అన్న పిలుపుకే ఆమె తడబడింది. "ఫిట్సు వచ్చిననాడు బుక్కెడు పోస్త సారూ. రానినాడు దాసిపెడ్త. ఉత్తగ ఎందుకు తాపుడని."

"ముంగటోళ్ల సీసలకు కాయితం ఉంటది, సూడలేదా? పూటకో గాటు తాగాలె."

"సూసిన సారూ. అది పెద్దకులపోళ్ల సీస అని గుర్తు గాదా? మా సీసలు వాళ్ల సీసలల్ల కలువకుంట పెడ్తరనుకున్నం."

మార్కండేయులు బల్ల మీది పట్టీల వైపు చూశాడు. తన చేత్తో, ముచ్చటపడి కత్తిరించిన పట్టీలు అవి. కిటికీలోంచి చేయి చాచాడు.

"సీస ఇటియ్యక్కా."

ఆమె అలవాటుగా బండ మీద పెట్టబోయింది.

"బండ మీద గాదు. నా చేతికియ్యి."

నర్సింగం ఉలిక్కిపడ్డాడు. "సారూ, జర సోయి ఉన్నదా? గా చేతితోని ఇస్తె రేపు ముంగటోళ్లు మందు తాగుతరా?"

"తాగకుంటె మానె నర్సింగమన్నా. దగ్గు వాళ్లకు గని నీకా, నాకా?"

"నాకేంది ఫికర్? రేపో మాపో పింఛన్ల పడేటోన్ని," అని గొణుక్కున్నాడే గాని, గంజి డబ్బా మూత తీసి అందించింది అతనే.

మార్కండేయులు సీసాను తన తువ్వాలుతో తుడిచి, మందు పోసి, పట్టీ అంటించి, గాట్ల మీద ఆమె వేలు పెట్టించాడు. తెల్లారి ఒక గాటు, దీపం ముట్టించేటప్పుడు ఒకటి. ఫిట్టు వచ్చినా రాకున్నా సరే.

తరువాత డాక్టరు గారి ముందు నిలబడ్డాడు. "తప్పు వాళ్ల వాడకంలో లేదు సార్. పట్టీ మనమే అంటించలేదు. ఆ పిల్లకు ఇంకొన్నాళ్లు ఇవ్వండి."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. "సరే, బతుకమ్మ దాకా చూద్దాం."

ఆ రోజు నుంచి వెనుక కిటికీ సీసాలకూ పట్టీలు పడ్డాయి. గంజి చాలకుండా పోయింది.

"గంజి తాగుతున్నవార, ఏంది?" అని అడిగింది భాగ్యమ్మ. అతడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ముఖం ముడుచుకుంది. "గదే చేతితోని వచ్చి మగ్గం ముడ్తవా?" అని లేచి వెళ్లిపోయింది. రాత్రి అన్నం వడ్డించింది గాని పలకరించలేదు. తెల్లవారి చూస్తే, డబ్బా ఉండే చోట గంజి నిండిన మట్టి ముంత ఉంది.

"మైలుతుత్తం కలిపిన. పురుగు పట్టది," అన్నది పడుగు మీదినుంచి చూపు తిప్పకుండానే. "పిల్లకు ఎట్లున్నదో అడిగిరా."

ముంత బరువుగా ఉంది. దాన్ని తెచ్చి మార్కండేయులు వెనుక కిటికీ బండ మీద, సరిగ్గా సీసాలు పెట్టే చోట పెట్టాడు. ఇక అక్కడ మరొకటి పెట్టే జాగా లేదు. వెనక్కి వచ్చినవారిని, "ముంగటికి రాండ్రి, ఈడ గంజి ఉన్నది" అని పిలిచేవాడు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు సణిగారు. ఒకాయన సీసా తీసుకుని వెళ్లిపోయాడు కూడా. జ్వరం తగ్గక మళ్లీ వచ్చాడు.

బతుకమ్మ పండుగ దాటిన వారం సమ్మమ్మ ముందు కిటికీకే వచ్చింది. "వాడల ఆడపిల్లలతోని బతుకమ్మ ఆడింది సారూ. సుట్టూత తిరిగింది. పడలే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారు మళ్లీ మందు చీటీ రాశారు.

ఏళ్లు గడిచాయి. ఎనభైలు సగం దాటేసరికి సీసాల కాలం పోయి మాత్రల కాలం వచ్చింది; చంటిపిల్లల మందు మాత్రం ఇంకా సీసాలోకే పోసేవారు. చిలుకమ్మకు ఫిట్లు పూర్తిగా మానాయి, మందూ ఆగింది. పెళ్లయి, ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలు ఏరే పనికి పోతున్న ఆమె ఒక పొద్దున చంటిబిడ్డ దగ్గుకు మందు కోసం వచ్చింది. కడిగి తెచ్చిన సీసా మీద, అన్నపు గంజితో తానే అంటించిన కాగితం పట్టీ ఉంది.

"గాట్లు వంకరగ పడ్డయి గదనే బిడ్డా," అన్నాడు మార్కండేయులు.

"గాట్లు వంకరైతేంది, మందు సక్కగ పొయ్యుండ్రి సారూ," అని నవ్వింది. కాలిన మచ్చ ఉన్న ఆ చేతినుంచి అతడు సీసా అందుకున్నాడు.